విజయనగరం నుండి వాల్తేరు వరకు: ఆంధ్రదేశంలో పరమాణు నిర్మాణ పరిశోధన

తిరువూరు మొదలుకొని విశాఖపట్నం వరకు ఏ కళాశాలలోనైనా పరమాణు నిర్మాణ పాఠం రూథర్‌ఫర్డ్ (1911), బోర్ (1913) నమూనాలతో సాగుతుంది. ఆ నమూనాలను మూలకం వెంట మూలకంగా పరీక్షించిన కృషిలో తెలుగునాట ప్రయోగశాలలకూ భాగముంది. ఆ కృషి ఆవిరి, అయాను, కేంద్రకం అనే మూడు మెట్లలో సాగింది.

మొదటి మెట్టు విజయనగరం మహారాజా కళాశాల. 1920ల్లో ఎ.ఎల్. నారాయణ్, ఆయన శిష్యుడు కొచ్చెర్లకోట రంగధామరావు (1898-1972) సీసం వంటి లోహాల ఆవిరులలో కాంతి శోషణను పరిశీలించారు. ఉద్గార వర్ణపటంలో అనేక శక్తిస్థాయిల రేఖలు కలగలసి ఉంటాయి. ఆవిరిలోని పరమాణువులలో అత్యధికం కనిష్ఠ శక్తిస్థాయిలో ఉంటాయి కనుక శోషణలో ప్రధానంగా ఆ స్థాయి నుండి మొదలయ్యే రేఖలే కనిపిస్తాయి. కనిష్ఠ స్థాయిని గుర్తించడానికి ఇదే ఆధారం.

రెండవ మెట్టు అయాన్లది. రంగధామరావు లండన్ ఇంపీరియల్ కళాశాలలో ఆల్‌ఫ్రెడ్ ఫౌలర్ వద్ద పరిశోధించి, ఆర్సెనిక్, సెలీనియం అయాన్ల వర్ణపటాలను విశ్లేషించారు. ఆర్సెనిక్ పరమాణు సంఖ్య 33. మూడు ఎలక్ట్రాన్లు తొలగితే మిగిలేవి 30, అంటే జింకుకు ఉన్నన్ని. అప్పుడు దాని రేఖల అమరిక జింకు అమరికను పోలి ఉంటుంది. కేంద్రకపు ఆకర్షణ అధికం కావడంతో తరంగదైర్ఘ్యాలు మాత్రం తగ్గుతాయి. వాటిలో అనేకం గాలి శోషించే అతినీలలోహిత ప్రాంతంలో పడతాయి కనుక శూన్య వర్ణపటలేఖిని అవసరమవుతుంది. వర్ణపట క్రమాన్ని నిర్ణయించేది పరమాణు భారం కాదు, ఎలక్ట్రాన్ల సంఖ్య, వాటి విన్యాసం అని ఈ పోలిక చూపుతుంది. అనంతరం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆయన చుట్టూ వర్ణపట శాస్త్రవేత్తల పరంపర ఏర్పడింది.

మూడవ మెట్టు కేంద్రకం. పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో జన్మించిన స్వామి జ్ఞానానంద (1896-1969), పూర్వాశ్రమంలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1932లో న్యూట్రాన్‌ను కనుగొన్న చాడ్విక్ వద్ద లివర్‌పూల్‌లో ఆయన బీటాకిరణ వర్ణపటాలను అధ్యయనం చేశారు. కణాలు అయస్కాంత క్షేత్రంలో ఎంత వంగుతాయో కొలిచి వాటి శక్తిని నిర్ణయించడం ఈ పద్ధతి. 1950లలో ఆయన వాల్తేరులో కేంద్రక పరిశోధనశాలలను నెలకొల్పారు.

ఈ ముగ్గురిలో ఎవరూ కొత్త నమూనాను ప్రతిపాదించలేదు. అయితే నమూనా శాస్త్రమయ్యేది కొలతలతోనే. ఆ కొలతలు పాఠంలో చేరకపోతే పరమాణువు విద్యార్థికి కంఠస్థం చేయవలసిన బొమ్మగానే మిగులుతుంది. విజయనగరం, వాల్తేరు చరిత్ర పాఠ్యాంశంలో చేరవలసింది ప్రాంతాభిమానం కోసం కాదు, కంటికి కనిపించని నిర్మాణం ఎలా రుజువైందో తెలియడం కోసం.