ఒక పంక్తి, పలు వంశములు

సీతాకోకచిలుక యనగానే పూదేనె త్రాగునదని చదువరులకు స్ఫురించును. కాని పూవు నొల్లక, కుళ్లిన పండ్లను, చెట్టు బెరడునుండి కారు రసమును, ఈతకల్లును గ్రోలి బ్రతుకు చిలుకలును గలవు. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వానతో తృప్తిపడు అనంతపురపు మెట్టసీమలో, గోరంట్ల వంటి యూళ్ల మామిడితోపులలో, రాలి పులిసిన పండొకటి చూడుడు. దానిపై మూడు విధముల చిలుకలు వ్రాలవచ్చును: చింతాకు మేసి పెరిగిన నల్లరాజు, మామిడాకు మేసి పెరిగిన బారన్, గడ్డియు వరియాకును మేసి పెరిగి సంజవేళ నెగురు లీడా. ఒకే పంక్తిని భుజించు నివి యొకే వంశమువా?

ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు రెండున్నర శతాబ్దములు పట్టెను. 1758లో లిన్నేయసు సీతాకోకచిలుకల నన్నిటిని పాపిలియో యను నొక్క ప్రజాతియందే చేర్చెను. ఆయన శిష్యుడు కోనిగ్ తరంగంబాడికి వచ్చి, దక్షిణదేశమున మొక్కలను పురుగులను సేకరించి, 1785లో మన కాకినాడయొద్ది జగన్నాథపురమున కన్నుమూసెను. అతడు సేకరించిన పురుగులలో పెక్కింటికి డేనిష్ పండితుడు ఫాబ్రిషియసు పేర్లు పెట్టెను. నల్లరాజునకు 1793లో సోలన్ అను పేరిడినవాడు నతడే. వీరి శ్రమ గొప్పది. అయినను ఐరోపాలో కూర్చున్న పండితులు చూచినది చచ్చిన చిలుకల రెక్కలను. బ్రతికిన చిలుకల సంతానమును గాదు.

దానివలని చిక్కు లీడా విషయమున స్పష్టపడినది. వానకారున పుట్టిన లీడాకు రెక్కల యడుగున కన్నులవంటి చుక్కలు వరుసగా నుండును. వానలు వెనుకబడిన పిమ్మట పుట్టినది చుక్కలు మాసి, అచ్చముగా ఎండుటాకును బోలియుండును. నేలపై నాకులలో వ్రాలినచో కాకికైనను కానరాదు. పండితులు మొదటిదానిని లీడా యనియు, రెండవదానిని ఇస్మీనీ యనియు వేరు జాతులుగా వ్రాసికొనిరి. కలకత్తాలో డి నిస్‌విల్ ఈ కూటమి చిలుకలను గ్రుడ్లనుండి పెంచి చూచి, 1886లో ఆ వృత్తాంతమును ప్రకటించెను. తుదకు ఇస్మీనీ లీడాలోనే కలిసిపోయెను. ఒక్క తల్లి బిడ్డలను రెండు జాతులుగా వ్రాయుటకు ఉడుపుల భేదమే చాలినది! జాతి యను మాటను మనమెంత తేలికగా వాడుదుమో యని ఈ కథ తలచినపుడెల్ల మాకు తోచును.

ఉడుపువలెనే భోజనమును మోసగించును. నల్లరాజును లీడాయు కొంత దగ్గరి దాయాదులు. బారన్ వారికి దూరపువాడు. పూలపై మెల్లగా నెగురు నారింజవన్నె టానీ కోస్టరుకే దగ్గరి చుట్టము. అనగా పండు తినువాడు పండు తినువానికంటె పూదేనె త్రాగువానికే యెక్కువ బంధువు. కణములలోని వంశద్రవ్యమగు డి.ఎన్.ఏ.ను పోల్చి చూచినగాని యీ సంగతి నిశ్చయపడలేదు.

2009లో ప్రకటింపబడిన పరిశోధనయొకటి నల్లరాజు ప్రజాతియగు చారాక్సిస్ కథను మార్చెను. వేరు ప్రజాతిగా నెన్నబడిన నవాబు చిలుకలు చారాక్సిస్ వంశవృక్షములోని కొమ్మయే యని తేలెను. వంశమూలము ఆఫ్రికాలో నున్నది. దాని శాఖలు మనుష్యుడు పుట్టకమునుపే ఆసియాకు ప్రాకినవి. మన వంటింట చారునకు పులుపిచ్చు చింతకును జన్మభూమి ఉష్ణమండలాఫ్రికాయే. చెట్టును చిలుకయు వేరు దారుల వచ్చినవి. ఆ చింత లేతాకుననే నల్లరాజు ఆడుచిలుక నేటికిని గ్రుడ్డు పెట్టుచున్నది.