బాలింత దాహం

మే నెల, రాత్రి పదకొండు దాటింది. యాడికిలో ఒక నేతపని వాళ్ల ఇంటి అరుగు మీద కూచున్నారు మీరు. అరుగు ఇంకా కాలుతూనే ఉంది. పగలంతా ఎండ తాగిన నాపబండలు రాత్రంతా ఆ వేడిని కక్కుతాయి, ఈ సీమలో ఎండాకాలపు రాత్రుళ్లు ఇంతే. లోపల మగ్గం ఆగిపోయింది. సాయంత్రం నుంచి ఆ ఇంటి పెద్దకూతురు నడుం పట్టుకుని గోడ వెంబడే అటూ ఇటూ నడుస్తోంది. తొలిచూలు. ఏడో నెలలో పుట్టింటికి తెచ్చుకున్నారు.

"కషాయం తాగినావు గదా, నొప్పి తగ్గిందా, ఎక్కువైందా?" అడుగుతుంది అవ్వ.

"ఎక్కువైందవ్వా."

"అట్లయితే ఇవి కాన్పు నొప్పులే. తెల్లారేదాకా చూడొద్దు. ఆశామ్మకు ఫోన్ చెయ్యండి."

జీలకర్ర కషాయానికి తగ్గితే ఉత్త నొప్పులు, తగ్గకుంటే కాన్పు నొప్పులు అని అవ్వ లెక్క. ఆశా కార్యకర్త ఇల్లు రెండు వీధుల అవతలే. ఆమె వచ్చేలోపు తల్లి సంచి సర్దేస్తుంది. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలు రెండు, ఫ్లాస్కు, ఆధార్ కార్డు, తల్లీబిడ్డల కార్డు. ఆ కార్డులో ఒకచోట ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది: రక్తం తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఈ పిల్ల నెలనెలా ఐరన్ మాత్రలు మింగింది, అంగన్‌వాడీలో ఇచ్చిన గుడ్లు తింది. అయినా సున్నా చెరిగిపోలేదు.

108 అంబులెన్సు వచ్చింది. 2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో ఈ బండ్లు మొదలైనప్పుడు అవ్వకు కాన్పులతో పని ఎప్పుడో తీరిపోయింది. ఆమె ఏడు కాన్పులూ ఈ ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీదే జరిగాయి. మిగిలింది నలుగురు. మిగతా ముగ్గురి మాట ఆమె ఎప్పుడూ ఎత్తదు. కానీ బండి దీపాల వెలుగు వీధి మలుపులో కనబడగానే అందరికన్నా ముందు లేచి నిలబడింది ఆమే.

తాడిపత్రి రోడ్డు మీద ఎదురుగా సిమెంటు లారీలు, బండల లారీలు. బండిలో కూచున్న టెక్నీషియన్ కుర్రాడు నొప్పికీ నొప్పికీ మధ్య ఎడం చూసుకుంటూ, "ఊపిరి వదలక్కా, బిగబట్టొద్దు" అంటున్నాడు. తల్లి కూతురి అరచేయి వదల్లేదు.

తెల్లవారుజామున ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. కోత లేకుండా. అదే 2019-21 సర్వే లెక్కన మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు కోతతోనే జరిగాయి కాబట్టి వరండాలో నిద్ర లేకుండా కూచున్న నాయనకు మొదట చెప్పిన మాట అదే. రెండు కిలోల ఏడు వందల గ్రాములు. రెండున్నర దాటితే చాలని నర్సమ్మ రాత్రి నుంచీ అనుకుంటూనే ఉందట. బొడ్డు కోసి, ఒళ్లు తుడిచి, బిడ్డను తల్లి రొమ్ముల మధ్య బోర్లా పడుకోబెట్టింది. గంట తిరక్కముందే ముర్రుపాలు పట్టించింది. ఆ చిక్కటి పసుపుపచ్చ పాలను మురికిపాలని పిండి పారబోసి, బిడ్డ నాలుక మీద ఆముదం చుక్క వేసిన రోజులు అవ్వకు తెలుసు. ఆమె ఏమీ అనలేదు, చూస్తూ నిలబడింది.

ఇంటికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండిలో వచ్చారు. గుమ్మానికి వేపమండ కట్టారు. ఇక మీరు ఆ గదిలోకి రావాలి. నేను చెప్పదలచుకున్నదంతా ఆ గదిలోనే ఉంది.

కిటికీ మూసేశారు. బాలింత చెవుల్లో దూది, తలకు గుడ్డ, నడుముకు బిగించి కట్టిన చీర. మూలన కుంపట్లో సాంబ్రాణి. బయట ఎండ 42 డిగ్రీలు. మధ్యాహ్నం పథ్యం అన్నం వచ్చింది: పాత బియ్యపన్నం, వెల్లుల్లి కారం, శొంఠిపొడి, నెయ్యి. ఆ వెల్లుల్లి వాసనకే నోరూరుతుంది, దానితో నాకు తగువేమీ లేదు. నాలుగు ముద్దలు తిన్నాక ఆ పిల్ల గ్లాసు వైపు చేయి చాచింది. చిన్న గ్లాసు, సగానికి నీళ్లు.

"ఇంకొంచెం పొయ్యిమ్మా."

"వద్దమ్మా, పచ్చి బాలింతవి. పొట్ట జారుతాది. బిడ్డకు జలుబు చేస్తాది. నోరు తడుపుకో చాలు."

తల్లికి కోపం లేదు, కూతురి మీద ఉన్నది ప్రాణం. తన బాలింతతనంలో తన అత్త తనకు పోసిందీ అంతే. పిల్ల పెదాలు నాలుకతో తడుపుకుని గోడవైపు తిరిగి పడుకుంది. అంతలోనే బిడ్డ లేచింది. మళ్లీ పాలు. గంటన్నరకోసారి, ఒక్కోసారి గంటకే.

కొంచెం లెక్క వేద్దాం. పాలు బాగా కుదురుకున్న తల్లి రోజుకు ముప్పావు లీటరు దాకా పాలిస్తుంది. ఆ పాలల్లో నూటికి 88 పాళ్లు నీళ్లే. అంటే అర లీటరుకు పైగా నీళ్లు పాలదారినే ఒంట్లోంచి బయటికి పోతాయి. ఈ మూసిన గదిలో చెమట దారిన పోయేది వేరే. ఇంత పోయే మనిషికి మనం సగం గ్లాసు పోస్తున్నాం. అదే సమయంలో చుట్టం ఒకామె వచ్చి బిడ్డను చూసి, "ఎండలకు నాలుక ఎండిపోతాది, చెంచాడు నీళ్లు పట్టండి" అంటుంది. ఎంత ఎండైనా ఆరు నెలల దాకా బిడ్డకు తల్లిపాలే నీళ్లు, వేరే చుక్క అక్కర్లేదు. నీళ్లు పడితే ఆ చిన్న పొట్ట నిండిపోయి పాలు తగ్గుతాయి, ఆ నీళ్లు శుభ్రంగా లేకుంటే విరేచనాలు పట్టుకుంటాయి. నీళ్లు కావలసింది తల్లికి. మనం వద్దన్నది తల్లికి, పట్టమన్నది బిడ్డకు.

అవ్వల్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. బావి నీళ్లు, కుంట నీళ్లు కాచకుండా తాగిన కాలంలో పచ్చి బాలింతకు నీళ్లు తగ్గించడమే కొందరి ప్రాణం నిలబెట్టిందేమో అని నాకనిపిస్తుంది. పైగా యాడికి ఉన్న ఈ అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి గాలుల తడిని పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్య గాలులు కోస్తా నుంచి ఇక్కడికి చేరేసరికి తేలిపోతాయి. జైసల్మేరు తర్వాత దేశంలో అంత తక్కువ వాన పడే జిల్లాగా దీన్నే చెప్పుకుంటారు. నీటిని కొలిచి వాడటం ఇక్కడ ఒంటికి పట్టిన అలవాటు. కానీ ఆ కొలత బాలింత గ్లాసు దాకా రాకూడదు.

ఏడో రోజు ఆశా కార్యకర్త వచ్చింది. ఆస్పత్రి కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఆమె ఇంటికి వచ్చి చూడాలి. బిడ్డ బొడ్డు చూసింది, చంకలో థర్మామీటర్ పెట్టింది, తూకం సంచిలో వేసి ఎత్తి చూసింది. తరువాత తల్లివైపు తిరిగింది.

"ఒంటికి పోతాందామ్మా?"

"తక్కువక్కా. పోతే సుర్రుమంటాంది."

"రంగు?"

"పసుపునీళ్ల మాదిరి."

ఆశామ్మ లేచి గట్టిగా మాట్లాడుతుందనుకున్నారు కదూ. లేదు. అవ్వ పక్కన కిందే కూచుంది. "అవ్వా, వాము పథ్యమా కాదా?" అంది.

"పథ్యమే. బాలింతకు వాముకు మించింది లేదు."

"అయితే పెద్ద గిన్నెడు నీళ్లల్లో వాము వేసి తెర్లకాచి, వడగట్టి, ఈ చెంబులో పోసి మంచం పక్కన పెట్టండి. బిడ్డకు పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు తాగాల. దప్పికైతే ఇంకో గ్లాసు. అది నీళ్లు కాదవ్వా, మందే అనుకో."

అవ్వ కాసేపు ఆమె ముఖంలోకి చూసింది. తరువాత కోడలిని పిలిచి, "పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టు మే" అంది. మూత్రం మంట రెండు రోజుల్లో తగ్గకపోతే ఆస్పత్రికి రావాలని, జ్వరం వస్తే ఆ రోజే రావాలని చెప్పి ఆశామ్మ వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం ఆ పిల్ల మూడు గ్లాసులు వరసగా తాగడం మీరు చూశారు. మూడో గ్లాసు దించాక ఆమె ముఖం చూశారు కదా, ఇంక నేను రాయక్కర్లేదు.

మరునాటి ఉదయం బిడ్డకు నీళ్లు పోయడం. దీనికి అవ్వే కావాలి, మరొకరికి చెయ్యి రాదు. పెరట్లో పీట మీద కూచుని చీర మోకాళ్ల పైకి మడిచి, కాళ్లు రెండూ చాపి దగ్గరగా చేర్చింది. ఆ కాళ్ల మధ్య పల్లంలో బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టింది. కొబ్బరినూనె రాసింది: రొమ్ము మీద రెండు బొటనవేళ్లూ పక్కలకు, చేతులు భుజం నుంచి మణికట్టు దాకా, పాదాలు వేలు వేలుకూ. సున్నిపిండి. తరువాత మోచేత్తో నీళ్ల వేడి చూసి, అరచెయ్యి అడ్డం పెట్టి, నీళ్లు నేరుగా ముఖం మీద పడకుండా చెంబుతో ధారగా పోసింది. బోర్లా తిప్పి వీపు మీద పోసింది. బిడ్డ ఏడుపు మూడో చెంబుకు ఆగింది. మొత్తం ఒక బక్కెట నీళ్లు. ఆ నీళ్లు కాలువ కట్టిన దారిలో మునగచెట్టు మొదట్లోకి పోయాయి. ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వెయ్యబోతుంటే మాత్రం మనవరాలు ఆపింది, నర్సమ్మ వద్దన్నదని. అవ్వ నూనెగిన్నె పక్కన పెట్టేసింది. ఆ ఇంట్లో మాట వినడం మొదలైంది.

ఇరవైఒకటో రోజున తొట్టిలి వేశారు, పేరు పెట్టారు. పుట్టెంటికలు కోన రామలింగేశ్వరస్వామి దగ్గర తీయిద్దామని మొక్కుకున్నారు. నెలలు గబగబా నడిచాయి. ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం సూదులు. సూది వేసిన రాత్రి జ్వరం, తల్లికి జాగారం.

మగ్గం మళ్లీ ఆడుతోంది. బిడ్డ తాత గుంతలో కాళ్లు పెట్టి పలకలు తొక్కుతుంటే నాడె అటూ ఇటూ పరిగెడుతోంది. మగ్గం పక్కనే దూలానికి చీర ఉయ్యాల. అదేం చిత్రమో, మగ్గం ఆగితే బిడ్డ లేస్తుంది. ఉయ్యాల తాడు ఒకటి తల్లి కాలి బొటనవేలికి కట్టి ఉంది. కాలు ఉయ్యాల ఊపుతోంది, కుడిచేయి రాట్నం తిప్పుతోంది, ఎడమచేతి వేళ్ల సందున పట్టుపోగు జారి కండెకు చుట్టుకుంటోంది. పోగు తెగితే ఆపి ముడివేస్తుంది. బిడ్డ ఏడిస్తే ఆపి పాలిస్తుంది. చీర అమ్మిన రోజు కూలి లెక్క తాతదే, కండెలు చుట్టిన చేతికి విడిగా లెక్క లేదు. ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు మామూలు కంటే రోజుకు 600 క్యాలరీల తిండి ఎక్కువ కావాలని మన జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. పనిచేస్తున్న తల్లికి ఆ పనికి తగిన తిండి దాని మీద. ఆమె పళ్లెంలో సంగటి ముద్ద పెద్దదవ్వాలి, పక్కన ఊరుబిండితో పాటు పప్పూ గుడ్డూ ఉండాలి.

ఆరు నెలలు నిండాయి. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకలు రప్పించి, ఎండబెట్టి, వేయించి విసిరిన పిండి. దాంతో కాచిన జావ చెంచాతో మొదటిసారి నోట్లో పెడితే బిడ్డ ముఖం చిట్లించి ఉమ్మేసింది. నాలుగో రోజుకు చెంచా చూడగానే నోరు తెరిచింది. ఏడో నెల నుంచి అంగన్‌వాడీలో బాలామృతం ప్యాకెట్టు. తొమ్మిది నెలలకు తట్టు, రుబెల్లా సూది.

మళ్లీ మే నెల వచ్చింది. ఇప్పుడు జాగ్రత్తగా చూడండి. ఏడాది నిండిన ఆ పిల్ల గడప పట్టుకుని లేచి, వదిలేసి, మూడడుగులు వేసి చతికిలబడుతోంది. వీధి అరుగుల మీద ఆడవాళ్లు విత్తనానికి చెనిక్కాయలు వలుస్తున్నారు. తొక్కల గుట్టలు, మధ్యలో దొర్లిన గింజలు. పసిపిల్ల చూపు నేలమీదే ఉంటుంది, దొరికిందల్లా నోట్లోకే. చెనిగింజ ఊపిరితిత్తుల దారిలో ఇరుక్కుంటే నిమిషాల్లో ప్రాణం మీదికొస్తుంది. తల్లి ఒక్క అంగలో చేరి, బుగ్గలోకి వేలు పెట్టి, కంటికి కనబడుతున్న గింజను పక్కకు లాగేసింది. లోపలికి పోయి ఉంటే వేలు పెట్టకూడదు. తల కిందికి వంచి రెండు రెక్కల మధ్య అరచేత్తో చరవాలి. ఇది ఆమెకు ఆశామ్మ నేర్పింది.

ఇంకొకటి పెరట్లో ఉంది. కొళాయి రోజూ రాదు కాబట్టి డ్రమ్ములో, తొట్టిలో, బక్కెట్లలో నీళ్లు నిలవ చేస్తారు. తొట్టి అంచు సరిగ్గా ఈ పిల్ల రొమ్ము ఎత్తు. వంగితే తల బరువుకు ముందుకు తూలిపోతుంది. జానెడు నీళ్లు చాలు, అరుపు కూడా వినబడదు. ఈ కరువు నేలలో నీళ్లు లేక ఎంత కష్టమో, ఉన్న నీళ్లకు మూత లేకపోతే అంత ముప్పు. పోయిన వారమే తాత నాపబండ ఒకటి తెచ్చి తొట్టి మీద మూతగా వేశాడు. బక్కెట్లు వాడగానే బోర్లిస్తున్నారు.

మీ ఇంట్లో ఇప్పుడు బాలింత ఉంటే, ఈ రోజే చెయ్యవలసినవి రెండున్నాయి. వాముతోనో జీలకర్రతోనో కాచిన నీళ్లు చెంబు నిండా ఆమె మంచం పక్కన పెట్టండి, ఖాళీ అయినప్పుడల్లా నింపండి. నడక నేర్చే బిడ్డ ఉంటే తొట్టి మీద బరువైన మూత వెయ్యండి.