రెండు సీఎమ్మెస్‌లు



‘ఎక్కు’ ధాతువుకు ప్రేరణార్థకం ‘ఎక్కించు’. మా ఖమ్మం, భద్రాచలం అడవి అంచు పల్లెల్లో ఈ క్రియకు తీరిక ఉండదు. కల్లంలో ఎండిన తునికాకును లారీకి ఎక్కిస్తారు. పుట్టిన బిడ్డ పేరును రికార్డుకు ఎక్కిస్తారు. పద్యాన్ని పిల్లవాని నోటికి ఎక్కిస్తారు. అందుచేత అంతర్జాలంలోని తెలుగువారు అప్‌లోడును ‘ఎక్కింపు’ అన్నప్పుడు ఆ మాట నాకు అరువు సొమ్ములా తోచలేదు. ఎక్కించినది మళ్లీ దిగివచ్చునా, వస్తే దానిని గుర్తుపట్టగలమా అన్న సందేహం మాత్రం ఆలస్యంగా కలిగింది.

ఫైళ్లను సైటుకు ఎక్కించి, పేరు పెట్టి, చోటు చూపే యంత్రాంగాన్ని కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారు. పొడి అక్షరాల్లో సీఎమ్మెస్. భద్రాచలానికి ఎగువన గోదావరి ఒడ్డునున్న దుమ్ముగూడెం చరిత్ర చదివినవారికి ఈ మూడక్షరాలు మరొక అర్థంలో పరిచయం. 1799లో లండన్‌లో పుట్టిన చర్చ్ మిషనరీ సొసైటీని కూడా సీఎమ్మెస్ అనే అనేవారు. గోదావరిపై పడవల రాకపోకల కోసం దుమ్ముగూడెం ఆనకట్ట పనిలో ఉన్న ఇంజనీరు హేగ్ చొరవతో 1860ల నాట ఆ సొసైటీ అక్కడి కోయవారి నడుమ పని మొదలుపెట్టింది. జాన్ కెయిన్ అనే మతగురువు అక్కడే చాలాకాలం ఉండి కోయవారి ఆచారాలను, వారి మాటను వ్రాసుకున్నాడు. బొంబాయి ‘ఇండియన్ యాంటిక్వెరీ’ పత్రిక 5వ సంపుటంలో, 1876లో, భద్రాచలం, రేకపల్లి తాలూకాల పేరు పెట్టి ఆయన వ్యాసం వెలువడింది. మతప్రచారం ఆయన వృత్తి; దాని మంచిచెడ్డలు వేరే ముచ్చట. నేను చెప్పదలచినది ఆ వ్యాసం చేసిన ప్రయాణం గురించి. దుమ్ముగూడెంలో చేతివ్రాత, బొంబాయిలో అచ్చు, ఏదో గ్రంథాలయంలో ఒక అర, ఆపై స్కానరు. ఇన్ని ఎక్కింపులలోనూ రచయిత పేరు, తాలూకాల పేర్లు, సంవత్సరం, పుటసంఖ్య ఆ వ్యాసాన్ని విడువలేదు. అందువల్లనే అది నేడు నా వంటివాని కంటబడింది.

యంత్రపు సీఎమ్మెస్ వయస్సు దీనికంటే చాలా తక్కువ. ఒక కంప్యూటరు నుంచి మరొకదానికి ఫైలు పంపే ఎఫ్‌టీపీ నియమాలను 1971 ఏప్రిల్‌లో తొలిసారి వ్రాసినది మన దేశస్థుడే, కాన్పూరు ఐఐటీ మొదటి జట్టులో చదివిన అభయ్ భూషణ్. ఆ పద్ధతికి ఆజ్ఞలు తెలిసి ఉండాలి. 1995 నవంబరులో జిరాక్స్ సంస్థకు చెందిన నెబెల్, మాసింటర్ అనే ఇద్దరు బ్రౌజరు పుటలోనుంచే ఫైలును ఎంచుకొని పంపే మార్గం ప్రతిపాదించారు. నేడు మనం నొక్కే ‘ఫైలును ఎంచుకోండి’ మీట దాని సంతానమే. 2003 మే నెలలో వర్డ్‌ప్రెస్ వచ్చింది. అందులో ఎక్కించిన ఫైలు మామూలుగా సంవత్సరం, నెల పేరిట ఉన్న సంచిలో చేరుతుంది. అది ఎక్కించిన తేదీయే గాని వ్రాసిన తేదీ కాదు. 1876 నాటి వ్యాసాన్ని ఈరోజు ఎక్కిస్తే ఈ నెల సంచిలోనే పడుతుంది.

తెలుగు పేరు పెడదామంటే అక్కడొక చిక్కు. చిరునామాలో ఒక్కొక్క తెలుగు సంకేతం తొమ్మిది రోమన్ గుర్తులుగా మారుతుంది. ‘భద్రాచలం’లో వత్తులు, గుణింతాలు కలిపి 8 సంకేతాలు, అనగా 72 గుర్తులు. వర్డ్‌ప్రెస్ 200 గుర్తుల వద్ద కత్తిరిస్తుంది. మూడు భద్రాచలాలు కూడా పట్టవు! అందుకే చాలామంది తెలుగు ఫైళ్లకు అంకెలు పెట్టి ఊరుకున్నారు. నేనూ ఆ తప్పే చేశాను; నా విషయంలో దానికి కారణం బద్ధకం.

ఉద్యోగంలో ఉండగా కోయ పిల్లల నోట విన్న మాటలను ఒక నోటుబుక్కులో వ్రాసుకొనేవాడిని. ఒకనాడు తరగతిలో ఒక పిల్లవాడు ‘ఏరు’ కావాలన్నాడు. మనకు ఏరు ప్రవాహం, వారికి త్రాగే నీరు. తక్కిన పిల్లలు నవ్వారు. నేను శబ్దరత్నాకరం తెరిచాను. అలా నిండిన పుటలను 2000ల తొలి ఏళ్లలో స్కాను చేయించి, మాటలను అప్పటి ఒక ఖతిలో టైపు చేసి, ఒక ఉచిత సైటుకు ఎక్కించాను. ఫైళ్ల పేర్లు ఒకటి నుంచి పదకొండు. ఊరి పేరు, చెప్పినవారి పేరు పుట పైభాగాన నా చేతివ్రాతలో ఉన్నాయి కదా అన్న ధీమా.

ఆ ఖతి లేని యంత్రంలో నా తెలుగు రోమన్ పిచ్చిగీతలుగా కనిపించేది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, మన బల్లల మీదికి రావడానికి 2001 నాటి విండోస్ ఎక్స్‌పీ, అందులోని గౌతమి ఖతి రావలసివచ్చింది. తరువాత ఆ ఉచిత సైటు మూతపడింది. నోటుబుక్కును కూనవరం వైపు ఉండే పూర్వ విద్యార్థికి ఇచ్చి ఉన్నాను. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు అతని ఇంట్లోకి నీరు వచ్చింది, పుస్తకం పోయింది. మిగిలినది ఒక సీడీలోని టైపు ఫైళ్లు. వెన్న నాగార్జున గారి ‘పద్మ’ వంటి పరికరాలు పాత ఖతుల తెలుగును యూనికోడ్‌లోకి మార్చగలవు. నా మాటలూ చాలామటుకు మారాయి. కాని అందులో మాటలే ఉన్నాయి. ఏ ఊరివో, ఎవరు చెప్పినవో లేదు.

ఊరి పేరు ఉంటే చాలునా అంటే, మా వైపు అదీ చాలదు. భద్రాచలం ప్రాంతం 1860లో నిజాం నుంచి ఆంగ్లేయులకు దక్కి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో చేరింది. 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారింది. 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో పోలవరం ముంపు పేరిట ఏడు మండలాల్లోని ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లగా, భద్రాచలం పట్టణం తెలంగాణలో నిలిచి, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో కలిసింది. ఊరు కదలలేదు, సంచి మారుతూ వచ్చింది. వెతికేవాడు ఏ సంచిలో చేయిపెట్టాలి? పైగా కెయిన్ వ్రాసిన పేరు ‘కోయి’. మనం ‘కోయ’ అని వెతుకుతాం. రేకపల్లిని రేఖపల్లి అనేవారూ ఉన్నారు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలోని తెలుగు పుస్తకాల పేర్లను రోమన్ లిపిలో తోచిన వర్ణక్రమంతో ఎక్కించినందువల్ల, ఉన్న పుస్తకమే లేనట్లు కనబడిన సందర్భాలు మీలో చాలామందికి అనుభవమే. తాళపత్రం చివర లేఖకుడు తన పేరు, ఊరు, సంవత్సరం వ్రాసేవాడు. ఆ సంగతి నేను పాఠం చెప్పినవాడినే.

ఆ రేకపల్లి నేడు ముంపు మండలాల్లోనే ఉంది. ఊళ్లు ఖాళీ అయితే, ఈ మాట ఎవరిదని అడగడానికి ఏ గడపకు పోవాలి?

అందుచేత ఈ మధ్య సాయంకాలాలు ఆ విద్యార్థికి ఫోను చేస్తున్నాను. నేను మాట చదువుతాను, అతడు వాళ్లమ్మను అడుగుతాడు. “సార్, ఇది మాది కాదంట. అవతలి ఒడ్డోళ్ల మాటంట” అంటాడు. ఆమె నవ్వు కూడా వినబడుతుంది. ఎక్కించేటప్పుడు ఫైలు క్రింద కనిపించే ‘వివరణ’ గడిలో ఊరు, పాత తాలూకా, నేటి మండలం, చెప్పినవారు, విన్న సంవత్సరం వ్రాస్తున్నాను. సంవత్సరం నాకు గుర్తులేనిచోట ‘గుర్తులేదు’ అని వ్రాస్తున్నాను. పదకొండు ఫైళ్లలో ఇప్పటికి రెండు పూర్తయ్యాయి. మూడవదానిలో ‘ఏరు’ ఉంది. అది అడగనక్కరలేదు, ఆ పిల్లవాడు ఏ బల్ల మీద కూర్చునేవాడో, ఏ ఊరినుంచి నడిచివచ్చేవాడో నాకు తెలుసు.