వీరుని కథ, ఇంటి వ్యథ: మన్యచరిత్రను చూపిన చలనచిత్రముపై ఒక పరిశీలనము

మన్యమునందలి డుంబ్రిగుడ చేరియున్న జిల్లాకు 2022లో, అచటి గిరిజనుల తిరుగుబాటును నడిపిన అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిరి. ఆ పేరు వినినంతనే తెలుగువారిలో పెక్కుమంది మనస్సున మెదలునది 1974లో వెలువడిన చలనచిత్రమున నటుడు కృష్ణ ధరించిన రూపమే. చలనచిత్రము ఒక జాతి జ్ఞాపకమును ఇంతగా తీర్చిదిద్దగలదు గనుక, ఆ జ్ఞాపకమున ఎవరికి పెద్దపీట దక్కినది, ఎవరు అంచున మిగిలిరి అను విచారణ అవశ్యకర్తవ్యము.

ఈ విచారణకు ఫ్రెంచి చిత్రము ‘లా రాఫ్ల్’ (2010) ఒరగల్లు కాగలదు. అది చూపిన నిజసంఘటనలో, 1942 జూలై 16, 17 తేదీలలో జర్మనుల ఆక్రమణలోనున్న పారిస్‌లోను దాని పరిసరములలోను 13,152 మంది యూదులను నిర్బంధించినవారు జర్మన్ సైనికులు కారు. ఫ్రెంచి పోలీసులే, 1940 నాటి గణనలో యూదులు వ్రాయించుకొన్న చిరునామాలను చేతబట్టుకొని తలుపులు తట్టిరి. పట్టుబడినవారిలో పిల్లలే నాలుగువేలకు పైబడి యుండిరి. కుటుంబములను వెలోద్రోమ్ దివేర్ అను సైకిలు పందెముల భవనమున కుక్కి, పిమ్మట బోన్-లా-రోలాండ్ మొదలగు శిబిరములకు తరలించి, అచట తల్లులను పిల్లలనుండి విడదీసి, వేరువేరుగా నాజీల మరణశిబిరమైన ఆష్విట్జ్‌నకు పంపిరి. దర్శకురాలు రోజ్ బాష్ ఏలికల మంతనములను చూపుచునే, కథాభారమును మాత్రము బోన్-లా-రోలాండ్ శిబిరమునుండి తప్పించుకొని బ్రతికిన పదునొకండేండ్ల బాలుడు జోసెఫ్ వైస్మాన్ ఇంటిపై నిలిపినది.

తెలుగు చిత్రము నడక వేరు. వి. రామచంద్రరావు దర్శకత్వమున ఆరంభమై, ఆయన నడుమ మరణింపగా ఇతరులచే పూర్తియైన ఆ చిత్రము చింతపల్లి ప్రాంతమున రూపుదిద్దుకొన్నది గనుక, మన్యపు కొండలు అందు నిజముగానే కనిపించును; గిరిజనుల వెట్టిచాకిరియు అందు లేకపోలేదు. కాని ఆ వ్యథ వీరుని ఆగ్రహమునకు హేతువుగా మాత్రమే నిలిచి, వీరుడు నేలకొరగుటతో కథ సమాప్తమగును.

చరిత్ర మాత్రము వీరునితో ఆరంభమై వీరునితో ముగిసినది కాదు. 1882 నాటి మద్రాసు అటవీచట్టము పోడును అడ్డగించినప్పుడు గింజ కరవైనది ఇంటిలో; నర్సీపట్నము-చింతపల్లి రోడ్డు పనికి చాలీచాలని కూలిపై మనుషులను లాగుకొనిపోయినప్పుడు పొయ్యి ఆరినది ఇంటిలో; 1922 ఆగస్టులో ఠాణాలపై రాజు దళపు దాడులు మొదలై, మలబారు పోలీసులు కొండలెక్కిన పిమ్మట, పితూరీదార్లకు అన్నము పెట్టిరను అనుమానము పడినదియు ఇంటిపైననే. 1924 మే 7న రాజు మరణించెను. తరువాతి నెలలో ఆయన అనుచరుడు గాము గంటందొర కూలెను. గంటందొర సోదరుడు మల్లుదొర అండమానుకు పంపబడి, తిరిగివచ్చి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యెను.

నాజీలు అరువదిలక్షల యూదులను చంపినది ఒక జాతిని నిశ్శేషము చేయు సంకల్పముతో. మన్యమున జరిగినది ఆ కోవకు చెందదు. రెంటిని ఒకే తూకమున వేయుట ఉభయులకును అన్యాయము. ఇచట పోల్చినది కథనరీతిని మాత్రమే. ఒక సోదరుడు కొండపై కూలి, మరియొక సోదరుడు సముద్రము దాటి వెడలిన ఇంటిలో ఆ ఏండ్లు ఎట్లు గడచినవో చూపు చిత్రము వచ్చిననాడు, డుంబ్రిగుడ పిల్లలకు తమ జిల్లా పేరు ఒక వీరునిదిగానే గాక, ఆయనకు అంబలి పోసిన ఇండ్లదిగా కూడ వినిపించును.