చనిపోయిన రోజే పుట్టినరోజు

పోయినవాళ్ళ తిథులు గుర్తుపెట్టుకోవడం ఏ ఇంట్లోనైనా ఆడవాళ్ళ వంతే. మామగారి తద్దినం ఎప్పుడంటే మగవాళ్ళు పంచాంగం వెతుకుతారు. ఇల్లాలు వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పేస్తుంది. తొలినాటి క్రైస్తవులూ ఇలాంటి లెక్కే పెట్టుకున్నారు. కాకపోతే, నమ్మిన దేవుడి కోసం ప్రాణాలిచ్చినవాళ్ళు పోయిన రోజును వాళ్ళు ‘పుట్టినరోజు’ అన్నారు. ఈ లోకంలో చావు, పైలోకంలో పుట్టుక అని!

అలాంటి పుట్టినరోజుల్లో ఒకటి మార్చి 7. అది ఇద్దరు తల్లులది.

203వ సంవత్సరం. ఇప్పటి ట్యునీషియాలో ఉన్న కార్తేజి నగరం అప్పుడు రోమన్ల ఏలుబడిలో ఉంది. పెర్పెతువా అనే ఇరవై రెండేళ్ళ అమ్మాయి క్రైస్తవంలో చేరబోతోందని పట్టుకుని జైల్లో పెట్టారు. కలవారి పిల్ల, చదువుకున్నది, చంకలో పాలు తాగే కొడుకు. జైల్లో తన కథ తనే రాసుకుంది. చీకటికొట్లో తన గతి ఏమవుతుందన్న బెంగకన్నా పిల్లాడి బెంగే ఎక్కువ. వాణ్ణి తన దగ్గర ఉంచుకోనిచ్చాక ఆ జైలే మేడలా తోచిందట! భర్త ఊసు మాత్రం ఎక్కడా ఎత్తలేదు.

ముసలితండ్రి వచ్చి కూతురి కాళ్ళమీద పడ్డాడు. నా నెరిసిన తల చూడు, నీ బిడ్డ మొహం చూడు అని ఏడ్చాడు. చక్రవర్తి క్షేమం కోరి బలి అర్పిస్తే చాలు, వదిలేస్తారు. ఆమె ఒప్పుకోలేదు. విచారణలో అడ్డుపడుతున్నాడని అధికారి ఆ ముసలాయన్ని కర్రతో కొట్టించాడు. ఆ దెబ్బ తనకే తగిలినట్టు బాధపడింది గాని మాట మార్చలేదు.

రెండో ఆమె ఫెలిసితా, బానిస. అప్పటికి ఎనిమిదో నెల. గర్భిణికి మరణశిక్ష అమలు చెయ్యకూడదని రోమను చట్టం. తనవాళ్ళంతా ముందు వెళ్ళిపోతే తర్వాత హంతకుల మధ్య ఒంటరిగా చావాలేమోనని ఆమె భయం. జైల్లోనే నొప్పులొచ్చి ఆడపిల్లను కంది. ఆ పిల్లను తోటి విశ్వాసురాలు ఒకామె పెంచుకుంది.

ఆ రోజు క్రీడారంగంలో ఉత్సవం దేనికనుకున్నారు? రాకుమారుడు గేటా పుట్టినరోజు! జనం వినోదానికి ఆ ఇద్దరిమీదికీ పొగరుబోతు ఆవును వదిలారు. కిందపడ్డ పెర్పెతువా లేచి, చిరిగిన బట్ట సర్దుకుని, ఫెలిసితాకు చెయ్యందించి లేపింది. ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. చివరికి కత్తి.

ఇలా పోయినవాళ్ళను తెలుగు క్రైస్తవులు ‘వేదసాక్షులు’, ‘హతసాక్షులు’ అంటారు. గ్రీకులో ‘మార్టిర్’ అన్నా సాక్షి అనే అర్థం. ఈ సాక్షుల సమాధుల దగ్గర ఏటా జనం చేరేవాళ్ళు. సెయింట్ అగస్టీను తల్లి మోనికా కూడా ఆఫ్రికా అలవాటు ప్రకారం మిలాను నగరంలో రొట్టె, ద్రాక్షసారా బుట్టలో పెట్టుకుని బయల్దేరింది. అక్కడి బిషప్పు ఆంబ్రోసు వద్దన్నాడని తెలిసి ఊరుకుంది. భక్తి పేరుతో తాగుడు పెరుగుతోందనీ, పాతమతంలోని పితృదేవతల పండగలా ఉందనీ ఆయన అభ్యంతరం. ఆరాధన దేవుడికే, సాక్షులకు దక్కేది గౌరవమేనని తర్వాత అగస్టీను నొక్కి చెప్పాడు. 787లో నైసియా మహాసభ కూడా ఆ గీతే గీసింది. ఆ గీత నిలవదని 16వ శతాబ్దపు సంస్కర్తలు వాదించారు. పునీతులను తమకోసం ప్రార్థించమని కథోలికులు ఇప్పటికీ అడుగుతారు, ప్రొటెస్టెంట్లు అడగరు.

వాదాలెలా ఉన్నా, ఈ అలవాటు చేసిన పని ఒకటుంది. 211లో గేటాను సొంత అన్న కారకల్లా చంపించి, శిలాశాసనాల్లో అతని పేరు చెక్కించేశాడు. పుట్టినరోజు ఉత్సవం జరుపుకున్న రాకుమారుడికి పేరే మిగల్లేదు. రోములో పుట్టిన పాత పూజాప్రార్థనలో మాత్రం పునీతురాళ్ళ పేర్లు వరసగా చదువుతారు. అందులో ఫెలిసితా పేరు ముందు, పెర్పెతువా పేరు తర్వాత వస్తాయి.