నిప్పురవ్వకు ముహూర్తం

పెండ్లి ముహూర్తం నాలుగు నిమిషాలు అటూ ఇటూ అయినా పురోహితుడు సర్దుకొంటాడు. పెట్రోలు ఇంజనుకు అంతటి దయ లేదు. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతూ ఉంటే దానిలో సెకనుకు 100 నిప్పురవ్వలు పుట్టవలె. ప్రతి రవ్వకూ ఒక వేళ ఉన్నది. అది తప్పితే బండి లాగదు, వేడెక్కుతుంది. ఒక కాలంలో అయితే నడిపేవారి చేయి కూడా విరిగేది.

పెట్రోలు ఆవిరి అంటుకోవడం వేరు, ఆ మంట సిలిండరంతా పాకడం వేరు. పొయ్యిలో పుల్ల అంటించిన క్షణమే ఎసరు కాగదు గదా. మంట పాకడానికి సెకనులో 500వ వంతు పడుతుందని లెక్కకు అనుకొందాం. ఇంజను నిమిషానికి 600 చుట్లతో నిదానంగా తిరిగేటప్పుడు ఆ వ్యవధిలో క్రాంకు 7 డిగ్రీలకు పైచిలుకు కదులుతుంది. 3,000 చుట్ల వేగంలో అదే వ్యవధికి 36 డిగ్రీలు కదులుతుంది. అందుచేత పిస్టను పైకొసకు చేరకముందే రవ్వ పుట్టవలె, వేగం హెచ్చినకొద్దీ మరింత ముందుగా పుట్టవలె. ఎంత ముందుగా అన్నది ఎవరు నిర్ణయించవలె? ఆ అధికారం ఒక చేతినుండి మరొక చేతికి మారుతూ వచ్చిన వైనమే ఈ ప్రసంగ విషయం.

1860లో పారిస్ నగరంలో లెన్వార్ తన గ్యాసు ఇంజనులో రూమ్‌కార్ఫ్ కాయిలుతో విద్యుత్తు రవ్వను పుట్టించినాడు. ఆ జాతి కాయిలుతోనే 1880లలో హెర్ట్‌జ్ తరంగాలను పరీక్షించినాడు, తరువాత మార్కోనీ నిస్తంత్రీ వార్తలను పంపినాడు. అంటే మా రేడియోకూ మీ మోటారుకారుకూ దగ్గర చుట్టరికమే ఉన్నది. పాత కారు వీధిలో పోతూ ఉంటే ఇంటిలోని రేడియో గరగరలాడడం ఆ చుట్టాన్ని పలకరించడమే కాబోలు!

అయినా తొలినాటి మోటారువారందరూ విద్యుత్తును నమ్మలేదు. డైమ్లర్ తన ఇంజనులో ఎర్రగా కాలిన గొట్టం అమర్చినాడు. పిస్టను నొక్కిన ఆవిరి ఆ గొట్టంలోకి చొచ్చుకొని పోయి అంటుకొనేది. ఎప్పుడు అంటుకోవలెనో చెప్పే అధికారం అక్కడ ఎవరికీ లేదు. గొట్టం వేడే ముహూర్తం. 1886లో పేటెంటు పొందిన మూడు చక్రాల బండికి బెంజ్ మాత్రం బ్యాటరీనీ కాయిలునే వాడినాడు. బ్యాటరీ త్వరగా అయిపోవడం దానికి పెద్ద చిక్కు. 1902లో బాష్ కర్మాగారంలో హోనోల్డ్ అనే ఇంజనీరు హెచ్చు వోల్టేజి మాగ్నెటోను సిద్ధపరచిన పిమ్మట, బ్యాటరీ లేకుండానే నమ్మదగిన రవ్వ దొరికినది.

వేళ నిర్ణయించే పని అప్పటికి మనిషిదే. 1908 నుండి 1927 వరకు కోటీ యాభై లక్షలకు మించి తయారైన ఫోర్డు మోడల్ టి కారులో స్టీరింగు క్రింద రెండు మీటలు ఉండేవి. కుడివైపుది పెట్రోలుకు, ఎడమవైపుది నిప్పురవ్వకు. బండి కదలించేముందు ఎడమ మీటను పైకి నెట్టి రవ్వను ఆలస్యం చేయవలె. వేగం అందుకొన్నాక క్రిందికి దించి ముందుకు తేవలె. ఇది మరచి, రవ్వ ముందుకు ఉండగానే ముందు నిలిచి హ్యాండిలు త్రిప్పితే, పిస్టను పైకి చేరకమునుపే మంట దానిని వెనుకకు తోసేది. హ్యాండిలు ఎదురు తన్నేది. మణికట్లు, ముంజేతులు విరిగినవారు ఆనాడు తక్కువమంది కారు. అందుకే బొటనవ్రేలు హ్యాండిలుకు చుట్టక, మిగతా వ్రేళ్ల ప్రక్కనే ఉంచి పట్టుకొనడం నేర్పేవారు. ఆ మీటను చెవితో విని సవరించగలవాడే అప్పటి మంచి డ్రైవరు. నా దృష్టిలో అది వీణకు శ్రుతి చేయడంకంటె తక్కువ విద్య కాదు.

ఆ విద్యను అనవసరం చేసినవారిలో కెట్టరింగ్ ముఖ్యుడు. 1910 నాటి కాడిలాక్ కారుకు ఆయన బ్యాటరీ ఇగ్నిషను వచ్చినది, 1912 నాటి కారుకు విద్యుత్ స్టార్టరు వచ్చినది. హ్యాండిలు బెడద క్రమంగా తీరినది. డిస్ట్రిబ్యూటరులో వేగానికి విచ్చుకొనే చిన్న బరువులూ, ఇంజను పీల్చే గాలిని బట్టి కదిలే ఒక పొరా చేరినవి. స్టీరింగు క్రింది మీట మాయమైనది.

అయితే ఆ యంత్రానికి మొదటి ముహూర్తం మనిషే పెట్టవలసి ఉండెను. 1957లో మొదలై 2014 వరకు ఉత్తరపారాలో తయారైన అంబాసిడరును ఉంచుకొన్న ఇండ్లవారికి ఈ సంగతి తెలుసు. మా తండ్రిగారి పాత అంబాసిడరుకు ఒకసారి ఒక మేస్త్రీ, ఇంజను నిలకడగా తిరుగుతూ ఉండగా వట్టి చెవితో విని టైమింగు పెట్టినాడు. ముంగిట గుడిగంటలా మ్రోగినది. తిరుమల ఘాటు రోడ్డు ఎక్కేసరికి మేకులు కొట్టినట్లు టకటకలు! నిలిచి ఉన్న ఇంజనుకు రవ్వ కొంత ముందైతే హాయిగానే ఉంటుంది. బరువు లాగేటప్పుడే అసలు రంగు బయటపడుతుంది. అట్లే చాలాకాలం నడిపితే పిస్టనుకే ప్రమాదం.

తిరిగి వచ్చిన తరువాత మా తండ్రిగారు ఒక 12 వోల్టుల బల్బుతో ఆ పని స్వయంగా చేసినారు. మొదట పాయింట్ల సందు కొలిచినారు. సందు మారితే టైమింగు కూడా మారుతుంది గనుక ఇది ముందే తేల్చుకోవలె. ఆ తరువాత గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఇంజనును చేతితో త్రిప్పుతూ, పుల్లీ మీది గాటు, పుస్తకంలో చెప్పిన గుర్తుకు ఎదురుగా వచ్చేటట్లు నిలిపినారు. డిస్ట్రిబ్యూటరు మూత తీసి, రోటరు మొదటి సిలిండరు తీగవైపు చూస్తున్నదో లేదో గమనించినారు. చూడకపోతే మరొక పూర్తి చుట్టు త్రిప్పవలె. నాలుగు అడుగుల ఇంజనులో రెండు చుట్లకు ఒక్కసారే గదా రవ్వ. బల్బు తీగ ఒకటి కాయిలునుండి డిస్ట్రిబ్యూటరుకు వచ్చే సన్న తీగ కొసకు, మరొకటి ఇంజను లోహానికి తగిలించి, తాళంచెవి త్రిప్పినారు. పాయింట్లు మూసి ఉంటే బల్బు వెలగదు, విడివడిన క్షణంలో వెలుగుతుంది. ఆ విడివడడమే రవ్వ పుట్టే వేళ. డిస్ట్రిబ్యూటరు బిగింపు సడలించి, దాని ఒంటిని రోటరు తిరిగే దిశకు ఎదురుగా త్రిప్పితే వేళ ముందుకు వస్తుంది, అదే దిశకు త్రిప్పితే వెనుకకు పోతుంది. తాళంచెవిని ఎక్కువసేపు త్రిప్పి ఉంచకూడదని, కాయిలు కాలిపోతుందని నన్ను ప్రక్కన నిలిపి హెచ్చరించేవారు.

ఇప్పటి కార్లలో పాయింట్లూ లేవు, త్రిప్పడానికి డిస్ట్రిబ్యూటరూ లేదు. ఇంజను టకటకలను ఒక చిన్న పరికరమే విని, కంప్యూటరుకు చెప్పి, రవ్వను వెనుకకు జరుపుతుంది. మేస్త్రీ చెవి అక్కడ చేరినదన్నమాట. మా పాత బండికి మాత్రం ఆనాడు బల్బు వెలిగినచోట బిగింపు బిగించి, ఇంజనును మరి రెండు చుట్లు త్రిప్పి, మరల అదే గాటు వద్ద వెలిగినదని చూచుకొన్న తరువాతనే బానెట్టు మూసినారు.