ఎలుగు వేటకు చేతి తుపాకీ

సంఘం వార్షిక సంచికలో ఉపకార వేతనాల సంగతీ, షాదీఖానా సంగతీ ఉండవలసిన చోట ఎలుగుబంటి వేట ఏమిటని పెద్దలు ఆక్షేపించవచ్చు. కారణం ఉన్నది. మా అక్క కొడుకు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ తోటి ఉద్యోగులు ఏటా చలికాలం ముందు నల్ల ఎలుగు వేటకు పోతారట. "మామూ, వీళ్లలో కొందరు రైఫిలు కాదు, చేతి తుపాకీతోనే కొడతారు. నన్నూ రమ్మంటున్నారు. ఏది కొనమంటావు?" అని అడిగాడు. నేను షికారీని కాను. మా తాతగారి తుపాకీ లైసెన్సు ఆయనతోనే పోయింది. అయితే పుస్తకాల పిచ్చి ఉన్నవాణ్ణి గనుక ఈ చేతి తుపాకీ కథ ఎక్కడ మొదలయిందో తిరగేసి చూశాను. అటువంటి ప్రశ్న వేసే పిల్లలు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు కాబట్టి ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదట జంతువు సంగతి. అమెరికా నల్ల ఎలుగు వేరు, మన నల్లమల ఎలుగు వేరు. మనది చెదపురుగులు పీల్చి తినేది, మనిషి కనబడితే ముఖం మీదికి దూకేది. అక్కడిది పెద్దది. బాగా ఎదిగిన మగది రెండు వందల కిలోలు దాటవచ్చు. పేరుకు నల్లది గాని గోధుమ రంగువీ, దాల్చినచెక్క రంగువీ ఉన్నాయి. సాధారణంగా మనిషిని చూస్తే తప్పుకుపోతుంది. వేటగాణ్ణి మోసం చేసేది దాని కోపం కాదు, దాని కొవ్వు. శీతకాలపు నిద్ర కోసం కొవ్వు పట్టించుకొని ఉంటుంది. గుండు తగిలిన రంధ్రాన్ని ఆ కొవ్వు మూసివేస్తుంది, కారిన నెత్తురును దట్టమైన బొచ్చు పీల్చేస్తుంది. నేల మీద జాడ ఉండదు. గాయపడిన జంతువు పొదల్లో పడి రాత్రంతా బాధపడి చస్తుంది, వెతికేవాడికి దొరకదు. చేతి తుపాకీ చరిత్ర అంతా ఈ ఒక్క చిక్కు చుట్టూ తిరిగినదే.

అసలు చేతి తుపాకీ వేట ఆయుధంగా పుట్టలేదు. వేటలో ప్రాణం కాపాడుకునే చివరి దిక్కుగా వచ్చింది. 19వ శతాబ్దంలో మన దేశంలో ఏనుగు అంబారీ మీద కూర్చుని పులివేటకు పోయే దొరలు పెద్ద గొట్టాలు రెండున్న పొట్టి పిస్తోలు ఒకటి దగ్గర ఉంచుకునేవారు. దానికి హౌదా పిస్తోలు అని పేరు. పులి ఏనుగు మీదికి ఎగబాకితే, మూరెడు దూరంలో పేల్చడానికి. అంతే దాని పని. పులిని వెతికి కొట్టేది రైఫిలే. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులివేటలో పేరు మోసినదీ రైఫిలుతోనే.

అమెరికాలో కథ మరో దారి పట్టింది. శామ్యూల్ కోల్ట్ 1836లో తిరుగుడు తుపాకీకి పేటెంటు పొందాడు. 1847లో టెక్సాస్ రేంజర్ కెప్టెన్ వాకర్ సలహాతో చేసిన రివాల్వరు రెండు కిలోల బరువు. ఒక్కొక్క గదిలో 60 గ్రెయిన్ల నల్లమందు పట్టేది. (గ్రెయిను అంటే గ్రాములో పదిహేనో వంతు అనుకోండి.) అది గుర్రం జీనుకు వేలాడదీసుకునే ఆయుధం, నడుముకు కట్టుకునేది కాదు. 1873లో వచ్చిన .45 కోల్ట్ నడుముకు వచ్చింది. పశువుల కాపరులు దానితో దెబ్బతిన్న గుర్రాన్నీ, మీదికొచ్చిన జంతువునూ కొట్టేవారు. ఎలుగు వేటకని దాన్ని ప్రత్యేకంగా ఎంచుకున్నవారు తక్కువ.

ఆ కాలంలో నల్ల ఎలుగు వేట ఎలా సాగేదో తెలియాలంటే 1902 నవంబరు నాటి మిసిసిపీ రాష్ట్రపు సంగతి చూడాలి. ప్రెసిడెంటు థియొడోర్ రూజ్‌వెల్ట్ వేటకు వెళ్లాడు. దారి చూపినవాడు హోల్ట్ కాలియర్ అనే నల్లజాతి వేటగాడు, బానిసగా పుట్టినవాడు. ఆ అడవుల్లో అతణ్ణి మించినవాడు లేడు. అతని కుక్కలు ఒక ఎలుగును చుట్టుముట్టాయి. ప్రెసిడెంటు ఇంకా రాలేదు. ఎలుగు కుక్కల మీద పడింది. కాలియర్ దాన్ని తుపాకీ మడమతో కొట్టి, మెడకు తాడు వేసి చెట్టుకు కట్టాడు. వచ్చిన రూజ్‌వెల్ట్ కట్టేసిన జంతువును కాల్చనన్నాడు. ఆ మాట దేశమంతా పాకి, పత్రికలో కార్టూనై, పిల్లలు ఆడుకునే టెడ్డీ బేర్ పుట్టింది. మన పిల్లల చేతుల్లోనూ ఉన్నది అదే. అయితే ఈ కథ చెప్పేవారు ఒక ముక్క వదిలేస్తారు. దెబ్బలు తిన్న ఆ ఎలుగును బాధ నుంచి తప్పించండని రూజ్‌వెల్టే చెప్పాడు, కత్తితో దాని ప్రాణం తీశారు. గాయపడినదాన్ని వదిలిపెట్టకపోవడం కూడా ఆ రోజు జరిగిన పనే.

చేతి తుపాకీని నిజంగా వేట ఆయుధం చేసినవాడు ఐడహో రాష్ట్రపు పశువుల కాపరి ఎల్మర్ కీత్. పెద్ద టోపీ, పెద్ద మాటలు. 1920ల్లో .45 రివాల్వరులో మోతాదు మించి మందు కూరి దాన్ని పేల్చుకున్నాడు. ఆ తర్వాత .44కు మారాడు, ఎందుకంటే అందులో సిలిండరు గోడ మందంగా మిగులుతుంది. ముక్కు బల్లపరుపుగా ఉన్న గట్టి సీసపు గుండు తానే రూపొందించాడు. 1935లో స్మిత్ అండ్ వెస్సన్ వారు .357 మాగ్నం తెచ్చారు. దాని వేగం గొప్పదే. కీత్‌కు మాత్రం తృప్తి కలగలేదు. వేగంగా పోయి పైపైనే చితికే చిన్న గుండు కన్నా, బరువుగా లోపలికి దూసుకుపోయేది కావాలని ఏళ్ల తరబడి పత్రికల్లో పోరాడాడు. చివరికి 1955 డిసెంబరులో .44 మాగ్నం తయారయింది. 240 గ్రెయిన్ల గుండు, సెకనుకు దాదాపు 1400 అడుగుల వేగం. మరుసటి ఏడే రూగర్ కంపెనీ అదే తూటాకు చవకైన రివాల్వరు తెచ్చింది. అక్కడి నుంచి నల్ల ఎలుగుకు చేతి తుపాకీ అంటే .44 అన్నమాట స్థిరపడింది. తర్వాత 1983లో .454 కాసల్ తుపాకులు మార్కెట్టుకు వచ్చాయి, 2003లో .500 వచ్చింది. వాటి తన్నుకు మణికట్టు అదురుతుంది, మనిషి ముందే కళ్లు మూసుకుంటాడు. కళ్లు మూసుకుని కాల్చిన .500 కన్నా కళ్లు తెరిచి కాల్చిన .44 మేలు.

ఇక్కడ నాకొక సంగతి తట్టింది. గుండు చీల్చుకుపోయిందా, మొద్దుగా మోదిందా అన్న ప్రశ్న మనకు కొత్త కాదు. వేట గురించి అదీ బిన్ హాతిమ్ (రజి) అడిగినప్పుడు, ఆయుధం మొన తగిలి చీలిస్తే తినవచ్చుననీ, అడ్డంగా తగిలి దెబ్బకు చస్తే తినరాదనీ ప్రవక్త (స) చెప్పినట్లు హదీసు ఉన్నది. తుపాకులు వచ్చాక ఉలమాలు ఈ మాటనే గుండుకు వర్తింపజేసి వాదించారు. మాలికీ పండితులు కొందరు గుండు చీల్చుతుంది గనుక చెల్లుతుందన్నారు. ఇబ్నె ఆబిదీన్ వంటి హనఫీ పెద్దలు గుండు చంపేది తాకిడి బలంతోనే గాని పదునుతో కాదు గనుక చెల్లదన్నారు. మన ఇళ్లలో షికారుకు పోయిన పాతవాళ్లు గుండు తగిలిన దుప్పి దగ్గరికి కత్తి పట్టుకుని పరుగెత్తింది, ప్రాణం ఉండగానే జబహ్ చేయాలని. ఆ పరుగు వల్ల జంతువు గాయంతో పొదల్లో పడి ఉండే బాధ కూడా తప్పేది.

పోతే, ఎలుగు కోరలున్న మృగం. హనఫీలకు దాని మాంసం హరాం. ప్రాణమున్నదాన్ని గురిపెట్టే బొమ్మగా చేయరాదన్న మాట కూడా హదీసులో ఉన్నది. అమెరికాలో ఎలుగు మాంసం వండుకునేవారున్నారు, కొన్ని రాష్ట్రాల్లో దాన్ని పారేస్తే శిక్ష. మనవాడు కొట్టి ఏం చేస్తాడు? పంట పాడుచేసేదాన్నో, మనిషి మీదికొచ్చేదాన్నో కొట్టడం వేరు, దాన్ని ఎవరూ కాదనరు.

చట్టం సంగతి కూడా వ్రాశాను. మన దేశంలో 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఎలుగు వేట నేరం, ఆ ముచ్చటే లేదు. అమెరికాలో ఒక్కొక్క రాష్ట్రానికి ఒక్కొక్క నిబంధన. తాత్కాలిక వీసా మీద ఉన్నవాడు తుపాకీ ఉంచుకోవడమే సాధారణంగా నిషేధం. వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉన్నది గాని, వకీలును అడగకుండా అడుగు వేయవద్దన్నాను.

అడిగినదానికి జవాబు చెప్పకపోతే పిల్లలు మరొకణ్ణి అడుగుతారు. అందుకని ఆయుధం పేరు కూడా చెప్పాను. .44 మాగ్నం రివాల్వరు, ఆరు అంగుళాలకు తగ్గని గొట్టం, లోతుకు పోయే బరువైన గుండు, పాతిక గజాలు దాటితే కాల్చవద్దు. కొనే ముందు చాందమారీలో అద్దెకు తీసుకుని, పాతిక గజాల దూరాన భోజనం పళ్లెమంత గురిని పదికి పదిసార్లు కొట్టి చూడు, ఎలుగు గుండె ఉండే చోటు అంతకంటే పెద్దది కాదు అన్నాను.

పది రోజులకు ఫోను చేశాడు. పదింటిలో నాలుగు తగిలాయట. ఆ ఏడు వేటకు పోలేదు.